నీళ్ల మధ్య కోట, గోడ మీద గద్ద గూడు

[దృశ్యం: పైన్ చెట్ల సందుల్లోంచి సరస్సు. చిన్న దీవి మీద పైకప్పు లేని రాతి గోడలు.]

వాయిస్: స్కాట్లాండ్ వెళ్లి కొండలెక్కే ఓపిక లేనివాళ్లకు, పిల్లలతో వెళ్లేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ నడకే. ఎవీమోర్ ఊరి దగ్గర, కెయిర్న్‌గార్మ్స్ నేషనల్ పార్కులో ఉంది లాక్ ఎన్ ఎలన్ సరస్సు. చుట్టూ తిరిగి రావడానికి రెండు గంటలు చాలు. దారి చదునుగా ఉంటుంది, తప్పిపోతామన్న టెన్షన్ లేదు.

కార్ పార్కు నుంచి సరస్సును ఎడమచేతి వైపు ఉంచుకుని నడవండి. కాసేపటికే కోట ఎదురవుతుంది. గట్టుకు ఎంత దగ్గరంటే, గట్టిగా కేక వేస్తే గోడలకు తగిలి తిరిగొస్తుంది. పిల్లల్ని ఇక్కడ ఆపడం కష్టం, ఆపకండి కూడా.

[దృశ్యం: నీటి అంచు నుంచే లేచిన గోడలు.]

వాయిస్: గోడలు నీళ్లలోంచే మొలిచినట్టున్నాయి కదా? ఒకప్పుడు నీళ్లు ఇంత పైకి ఉండేవి కావు. 18వ శతాబ్దంలో ఇక్కడ నరికిన దుంగల్ని స్పే నదిలోకి తేల్చి పంపడానికి తూము కట్టి నీళ్లు నిలిపారు. దాంతో మట్టం పెరిగింది. 1690లో క్రామ్‌డేల్ యుద్ధంలో ఓడిన జాకబైట్ సైనికులు (గద్దె పోయిన రాజు జేమ్స్ పక్షాన పోరాడినవాళ్లు) ఈ కోట మీద పడితే, గ్రిజెల్ మోర్ అనే ఇంటావిడ లోపలే సీసం కరిగించి తూటాలు పోయించి కోటను నిలబెట్టిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు.

మనుషులు వదిలేశాక ఈ గోడల మీద ఆస్ప్రే అనే చేపల గద్దలు గూళ్లు పెట్టాయి. వాటి గుడ్లు సేకరించడం అప్పట్లో కొందరికి పిచ్చి. చల్లటి నీళ్లలో ఈదుకుంటూ వెళ్లి మరీ ఎత్తుకుపోయేవారు. సైన్యాన్ని ఆపిన గోడలు గుడ్ల దొంగల్ని ఆపలేకపోయాయి. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. 20వ శతాబ్దం మొదట్లో బ్రిటన్‌లో ఈ గద్ద గూడే లేకుండా పోయింది.

[దృశ్యం: అడవి దారి. కెమెరా నేలకు దగ్గరగా.]

వాయిస్: దక్షిణపు కొస తిరిగాక అడవి చిక్కబడుతుంది. ఇవి స్కాట్స్ పైన్ చెట్లు, పైభాగంలో బెరడు నారింజ రంగుకు తిరుగుతుంది. దారి పక్కన పైన్ ఆకులు పోగేసినట్టు కుప్ప కనిపిస్తే వంగి చూడండి. కుప్పంతా కదులుతుంది, అది చీమల పుట్ట. ఎర్ర ఉడుతలు కూడా ఇక్కడే తిరుగుతాయి. కుక్కను తీసుకొస్తే మాత్రం గొలుసు వదలకండి, నేల మీద గూడు పెట్టే పక్షులున్న అడవి ఇది.

1954లో ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న మరో సరస్సు లాక్ గార్టెన్‌కు ఆస్ప్రే జంట తిరిగొచ్చింది. ఈసారి గూడుకు మనుషులే రాత్రింబవళ్లు కాపలా కాశారు. ఏప్రిల్, ఆగస్టు మధ్య వెళ్తే బైనాక్యులర్ మర్చిపోకండి.