సాక్ష్యం పాస్టరుగారి పని మాత్రమేనా?

శ్రోతలందరికీ ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు. ఇతర మతాలకు చెందిన శ్రోతలు కూడా ఈ ప్రసంగం వింటూ ఉండవచ్చు. వారికి నా నమస్కారాలు. సాక్ష్యం అంటే, ప్రభువు తన జీవితంలో చేసినదాన్ని ఇతరులకు చెప్పడం. అది పాస్టరుగారి పని మాత్రమేనా అన్నదే నేటి మన ప్రశ్న. ఈ మాటలు ముఖ్యంగా సంఘ విశ్వాసులను ఉద్దేశించినవే అయినా, ఇందులో చాటుగా చెప్పుకోవలసినదేదీ లేదు గనుక వారూ నిస్సంకోచంగా వినవచ్చు.

ఒంగోలు ప్రాంతానికి క్రైస్తవ విశ్వాసం ఎలా వచ్చిందని అడిగితే మనలో చాలామంది వెంటనే అమెరికన్ మిషనరీ క్లౌ దొర పేరు చెబుతారు. జాన్ క్లౌ చేసిన సేవ తక్కువదేమీ కాదు. అయితే ఆయన 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టేనాటికే, యెర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి తనవారికి క్రీస్తును గూర్చి చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. పేరయ్య మాదిగ కులస్థుడు. అంతకుముందే గురువులను ఆశ్రయించి, యోగమార్గంలో దేవుణ్ణి వెదికినవాడు. వ్యాపారం మీద ఒంగోలుకు ఉత్తరంగా వెళ్లినప్పుడు, ఏలూరులో ఉన్న మిషనరీ అలెగ్జాండర్ ద్వారా యేసును గూర్చి విన్నాడు. 1866లోనే ఒంగోలు వచ్చి, భార్యతో కలిసి మిషనరీ జూయెట్ దొర చేత బాప్తిస్మం పొందాడు. మరుసటి ఏడు జనవరిలో క్లౌ, పేరయ్య ఉండే పల్లెకు వెళ్లి చింతతోపులో డేరా వేసేసరికి, చుట్టుపక్కల పల్లెల నుంచి జనం అన్నం మూటలు కట్టుకుని వచ్చి రోజుల తరబడి అక్కడే కూర్చుని విన్నారు. వారిలో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దొర మాట వినడానికి వచ్చారని మనం అనుకుంటాం గానీ, ఆ వినే చెవులను అప్పటికే సిద్ధం చేసినవాడు పేరయ్య.

ఆయనకు జీతం లేదు, హోదా లేదు, వేదాంత కళాశాల పట్టా అసలే లేదు. ఉన్నదల్లా తోళ్ల బేరం. తోళ్లు కొనే మనిషి పల్లెలోకి బోధకుడిగా అడుగుపెట్టడు. ఇచ్చిపుచ్చుకోవడాలున్న తెలిసిన మనిషిగా వెళతాడు. తూకంలో, బాకీలో అతడి నిజాయితీ ఎంతో ఆ పల్లెకు ముందే తెలుసు. అలాంటివాడు గట్టు మీద కూర్చుని, నేను వెదికింది దొరికింది అంటే, దాన్ని కొట్టిపారెయ్యడం అంత తేలిక కాదు.

ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం రాగానే మనలో ఎంతోమంది లేచి, ప్రభువు చేసిన మేలులను కన్నీళ్లతో చెబుతారు. వినేవారందరూ అప్పటికే నమ్మినవారు! అదే మనిషి సోమవారం ఆఫీసులో పదేళ్లుగా పక్క కుర్చీలో కూర్చునే సహోద్యోగి దగ్గర నోరు మెదపడు. వాట్సాప్ స్టేటస్‌లో రోజుకొక వాక్యం మారుతుంది, కారు అద్దం మీద కీర్తన మెరుస్తుంది, ఎదురింటి తలుపు మాత్రం క్రిస్మస్ కేకు ఇచ్చేటప్పుడు తప్ప తట్టం. మైకు అద్దెకు తెచ్చి, కూడికలో ప్రసంగించడానికి పొరుగూరి నుంచి దైవజనుణ్ణి పిలిపించి, మన వంతు సువార్త అయిపోయిందనుకుంటాం. వీధి చివరి ఇంటి దాకా వినబడేలా ఆ మైకు పెట్టడం వల్ల పరీక్షలకు చదువుకునే పిల్లల తల్లిదండ్రులకు కోపం రావడం తప్ప మరే ఫలితమూ నాకు ఎప్పుడూ కనబడలేదు.

అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయం మొదటి వచనం, యెరూషలేములో హింస కలిగినప్పుడు అపొస్తలులు, అంటే యేసు ఏర్పరచుకున్న ముఖ్య శిష్యులు, తప్ప అందరూ చెదరిపోయారని చెబుతుంది. నాలుగవ వచనం, ఆ చెదరిపోయినవారే సువార్త వాక్యమును ప్రకటించుచు సంచరించారని చెబుతుంది. అంటే యూదయ సమరయలకు మొదటగా వార్త మోసినవారు పేరున్న బోధకులు కారు. ఇల్లూ వాకిలీ వదిలి, ఎక్కడ తల దాచుకోవాలో తెలియక బయలుదేరిన సామాన్యులు.

డోర్నకల్ మొదటి బిషప్, భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య ఈ విషయాన్ని గట్టిగా పట్టుకున్నారు. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడైన ఆయన తెలుగు పల్లెల మధ్యకు వచ్చి, 1912లో బిషప్ అయ్యారు. కొత్తగా బాప్తిస్మం పొందినవారు తమ తల మీద చెయ్యి పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందాను, సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ (అయ్యో నాకు, అని అర్థం) అని పౌలు మాటను పలకాలని ఆయన నేర్పించారు. అక్షరం రాని కూలీ చేత, నిన్నటిదాకా ఊరి చివర మాత్రమే నిలబడనిచ్చిన మనిషి చేత ఆ మాట పలికించడమంటే, నీకూ చెప్పవలసిన మాట ఒకటి ఉందని అతడికి గుర్తుచేయడమే.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. చెబితే ప్రలోభపెట్టారంటారేమో, మతమార్పిడి అంటారేమో అని చాలామంది వెనకాడుతున్నారు. ఈ భయానికి కారణం లేకపోలేదు. అందుకే ఒంగోలు చరిత్రలోని మరొక ఘట్టం మనకు తెలిసి ఉండాలి. 1876–78 కరువులో జనం ఆకలితో అల్లాడుతుండగా, క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం కోరినవారు ఎందరో ఉన్నా, కరువు సాయం సాగినంత కాలం ఎవరికీ ఇవ్వలేదు; తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆపారు. సాయం ముగిశాకనే, 1878 జూలై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు తెలుగు బోధకులు. ఆ సంఖ్యను సభల్లో గర్వంగా చెప్పుకునే మనం, దాని వెనుక ఉన్న ఆ నిగ్రహాన్ని ఎందుకో చెప్పుకోం.

చట్టం సంగతి కూడా స్పష్టంగా తెలుసుకోవాలి. రాజ్యాంగంలోని 25వ అధికరణం, ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి, మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కును ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. 1948 డిసెంబరు 6న రాజ్యాంగ సభలో ప్రచారం అన్న మాటను తీసివేయాలని కొందరు పట్టుబట్టినప్పుడు, దాన్ని సమర్థిస్తూ మాట్లాడిన సభ్యుడు టి.టి. కృష్ణమాచారి క్రైస్తవుడు కారు. తాను పద్నాలుగేళ్లు క్రైస్తవ సంస్థలో చదువుకున్నానని, తన మతం మార్చడానికి అక్కడ ఎవరూ ప్రయత్నించలేదని ఆయన చెప్పారు. మన సాక్ష్యం విన్నవారు మనల్ని గూర్చి అలా చెప్పగలగాలి. ప్రచారం చేసే హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. హృదయాన్ని మార్చడం దేవుని పనే గాని మన పని కాదని నమ్మేవారికి ఆ తీర్పు అడ్డం రాకూడదని నా అభిప్రాయం.

ఎలా చెప్పాలో పేతురు మొదటి పత్రిక మూడవ అధ్యాయంలో ఉంది: మనలో ఉన్న నిరీక్షణను గూర్చి హేతువు అడిగే ప్రతివానికీ సాత్వికముతోను భయముతోను సమాధానం చెప్పాలి. అడిగేవాడు ఉండాలంటే ముందు మన బ్రతుకులో అడగదగినది ఏదో కనబడాలి. లంచం ముట్టని గుమస్తాను, కోడలిని కూతురిలా చూసుకునే అత్తను జనం అడుగుతారు. అడిగినప్పుడు పెద్ద ప్రసంగం అవసరం లేదు. నీ జీవితంలో జరిగినది, జరిగినంత మేరకే చెప్పు. వారి దేవుళ్లను కించపరిచే ఒక్క మాట కూడా రానివ్వకు. రోగి మంచం పక్కన ఉంటే, ప్రార్థన చేయమంటారా అని ముందు అడుగు. వద్దంటే కొబ్బరి బొండాం తెచ్చి ఇచ్చి కాసేపు కూర్చో. తెలియని ప్రశ్న వేస్తే తెలియదని ఒప్పుకుని, పాస్టరుగారిని అడిగి రేపు వచ్చి చెప్పు. ఆసక్తి లేదంటే అక్కడితో ఆపు. ఆ తర్వాత కూడా వారి అమ్మాయి పెళ్లికి శుభలేఖ వస్తే తప్పకుండా వెళ్లు, విందు దగ్గర వడ్డనకు ఒక చెయ్యి వెయ్యి.