ఒక్క రోగి కథ సాక్ష్యమవుతుందా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఒకే ఒక్క రోగిలో కనిపించిన వింతను డాక్టరు రాసి వైద్య పత్రికకు పంపితే అది కేస్ రిపోర్ట్. వేలమంది మీద ట్రయల్స్ జరిగే ఈ రోజుల్లో దాని అవసరం ఇంకా ఉందా? మేడమ్, మీతో మొదలుపెడదాం.

పిల్లల వైద్యురాలు: ఉందండీ. నేను రాసే మందుల్లోనే రుజువుంది. పసిపిల్లల చర్మం మీద ఎర్రగా ఉబ్బే రక్తనాళాల గడ్డను హిమాంజియోమా అంటాం. ఫ్రాన్స్‌లో ఒక బిడ్డకు ముక్కు మీద వచ్చింది. స్టెరాయిడ్ ఇస్తే గుండె కండరం మందమైంది. గుండె కోసం ప్రొప్రనొలాల్ మొదలుపెట్టారు. మర్నాటికల్లా గడ్డ రంగు మారి, మెత్తబడింది! అది చూసిన కళ్లకు నేను దండం పెడతాను.

గణాంక నిపుణుడు: కానీ మేడమ్, ఆ గడ్డలు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి కదా?

వైద్యురాలు: తగ్గుతాయి, ఏళ్లు పడుతుంది. ఒక్క రోజులో మారవు. వాళ్లూ ఒక బిడ్డతో ఆగలేదు. 2008లో అచ్చయ్యేనాటికి మొత్తం 11 మంది పిల్లల్ని చూశారు.

గణాంక నిపుణుడు: దాన్ని నేను ప్రశ్న అంటాను. జవాబు 2015లో వచ్చింది. సుమారు 460 మంది పసిపిల్లలతో ట్రయల్ చేస్తే, ఆరు నెలలు మందు వాడినవాళ్లలో 60 శాతం మందికి గడ్డ పూర్తిగానో దాదాపుగానో పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 4 శాతమే.

వ్యాఖ్యాత: మరి కేసులు దారి తప్పించిన సందర్భాలో?

గణాంక నిపుణుడు: 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన 12 మంది పిల్లల వ్యాసం. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టారు. పిల్లల్ని ఎలా ఎంచుకున్నారో రాసింది నిజం కాదని తేలి, 2010లో పత్రిక దాన్ని ఉపసంహరించింది. ఈలోగా ఎందరో తల్లిదండ్రులు టీకాకు భయపడ్డారు. నిజాయతీగా రాసినా అది రుజువయ్యేది కాదండీ. టీకా వేసే వయసూ, ఆటిజం లక్షణాలు బయటపడే వయసూ దగ్గర దగ్గరే. ఒకదాని వెనక ఒకటి రావడం మామూలే.

వైద్యురాలు: అదే థాలిడోమైడ్ చూడండి. 1961లో మెక్‌బ్రైడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు లాన్సెట్‌కు చిన్న ఉత్తరం రాశారు. గర్భిణులు ఆ మందు వాడితే బిడ్డలు అవయవ లోపాలతో పుడుతున్నారని.

గణాంక నిపుణుడు: అక్కడ ఒప్పుకుంటాను. అలాంటి లోపం మామూలుగా చాలా అరుదు. అందుకే కొద్దిమందిలో కనిపించినా గట్టిగా వినబడుతుంది. 1981లో లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు వచ్చిన అరుదైన న్యుమోనియా అలాంటిదే. ఎయిడ్స్ గురించి అచ్చయిన మొదటి నివేదిక అది. నా బెంగ వేరే. మందు పనిచేసిన కేసులే అచ్చవుతాయి. పనిచేయనివి ఫైళ్లలోనే ఉండిపోతాయి.

వైద్యురాలు: నిజం. నా దగ్గరే ఒకటుంది. ఒక బిడ్డకు ఇదే ప్రొప్రనొలాల్ ఇచ్చినా గడ్డ పెరుగుతూనే పోయింది. రాయాలనుకున్నాను, రాయలేదు.

వ్యాఖ్యాత: ఇప్పుడు రాస్తారా?

వైద్యురాలు: ముందు ఆ తల్లిదండ్రుల్ని అడగాలి. పేరు తీసేసినా, ఫొటో చూస్తే తెలిసినవాళ్లు గుర్తుపట్టేస్తారు. వాళ్లు సరేనంటే రాస్తానండీ.