ముందు సేకరణకు నిధులివ్వండి

వేదిక మీది పెద్దలకు, సభకు వచ్చిన నల్లగొండ ప్రజలకు నమస్కారం.

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి ఈ గడ్డ మీద జాతీయ స్మారకం, మ్యూజియం కావాలని అడుగుతున్నాం. అడిగే హక్కు మనకుంది. 1946 జులై 4న ఈ పోరాట తొలి అమరుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి అప్పట్లో నల్లగొండ జిల్లాలోదే. 1952 ఎన్నికల్లో పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లేసి పార్లమెంటుకు పంపింది మనమే.

అయితే నా టెన్షన్ అంతా డబ్బొచ్చాక ఏమవుతుందనే. శంకుస్థాపన, టెండరు, విగ్రహం, ప్రారంభోత్సవం అయ్యేసరికి నిధులు ఖాళీ అయిపోతాయి. తర్వాత కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, వాచ్‌మన్ జీతం ఏ పద్దులో రాయాలని ఫైలు తిరుగుతుంటుంది. అందుకే నడిపే ఖర్చు కూడా ఏటా బడ్జెట్‌లో పెట్టాలని మొదటి అర్జీలోనే రాద్దాం.

అంతకన్నా తొందరగా కావాల్సింది జ్ఞాపకాలు, పాత కాగితాల సేకరణకు డబ్బు. నాగార్జునసాగర్ కడుతున్నప్పుడు, నాగార్జునకొండ లోయ మునిగేలోగా కేంద్ర పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపింది. దొరికినవి కొండ మీదికి చేర్చబట్టే ఈ రోజు అక్కడ మ్యూజియం ఉంది. మన దగ్గర మునిగిపోతున్నది మనుషుల జ్ఞాపకం. 1946లో పదిహేనేళ్ల పిల్లకు ఇప్పుడు తొంభై దాటింది. ఆ పోరాటంలో తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం గారు 2022లో వెళ్లిపోయారు. ఉన్నవాళ్ల మాటలు రికార్డు చేయడానికి భవనం అక్కర్లేదు. మంచి మైకు, తిరగడానికి బండి, మన యాస తెలిసిన ఇద్దరు కుర్రాళ్లు చాలు. వడిసెలలో రాయి ఎట్లా పెట్టేవారో, గుతుప ఏ కర్రతో చేసేవారో, వెట్టికి పోయే రోజు ఇంట్లో పిల్లల్ని ఎవరికి అప్పజెప్పేవారో అడగాలి. ఇవి ఏ విగ్రహమూ చెప్పదు.

ఇంకొకటి, నిజాం కాలపు భూమి రికార్డులు, అంటే సేత్వార్లు, పహాణీలు. ఎవరి భూమి ఎవరి పేరు మీదికి పోయిందో ఆ ఉర్దూ కాగితాల్లో వెతకాలి. వాటిని స్కాన్ చేయించాలి, చదివి తెలుగు చేసేవాళ్లకు సరైన జీతమివ్వాలి.

హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17 విమోచనమా, విలీనమా అన్న తగువు ఏటా వినేదే. మ్యూజియంలో రజాకార్ల దాడులూ ఉండాలి, పోలీసు చర్య తర్వాత 1951 దాకా మిలటరీ క్యాంపుల్లో పడ్డ దెబ్బలూ ఉండాలి. భూమి కోసం ప్రాణమిచ్చిన షేక్ బందగీ పేరు గుమ్మం దగ్గరే కనపడాలి. నిధులిచ్చిన ప్రభుత్వం ఏదైనా సరే, ఏ గోడ మీద ఏం రాయాలో చరిత్రకారులే తేల్చాలి.

ఈ మాటలన్నీ తీర్మానంలో రాశాం. కాగితం మీ మధ్యకు వస్తుంది. చదివి సంతకం పెట్టండి, మీ ఊళ్లో ఆనాటి వాళ్లు ఎవరైనా ఉంటే పక్కనే ఊరి పేరు రాయండి.