మనకు వేసిన పీట

చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, అందరికీ నమస్కారం.

అమెరికాలో నర్సుగా స్థిరపడ్డాక మళ్లీ పుస్తకాలు పట్టడమేమిటని మా ఇంట్లోనే అడిగారు. "డాక్టరమ్మ అనిపించుకోవాలనా?" అని మా వదిన ఎత్తిపొడిచింది కూడా. నేను ఎంచుకున్న పీఏ, అంటే ఫిజీషియన్ అసిస్టెంట్, డాక్టర్ కాదు. డాక్టర్లతో కలిసి పనిచేస్తూ రోగిని పరీక్షిస్తాం, జబ్బేమిటో తేలుస్తాం, మందులు రాస్తాం.

నన్ను ఇటు తోసింది ఒక నైట్ డ్యూటీ. నా పేషెంట్లలో ఇద్దరికి మూత్రం తగ్గిపోయింది. బ్యాగులోకి గంటకి 30 మిల్లీలీటర్లు కూడా దిగడం లేదు. డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఒకరికి సెలైన్ పెట్టమన్నారు, ఇంకొకరికి మూత్రం ఎక్కువగా పోయేలా చేసే లాసిక్స్ ఇవ్వమన్నారు. ఒకరికి నీళ్లు ఎక్కించాలి, ఇంకొకరికి తీసేయాలి! మొదటాయన వాంతులతో ఎండిపోయాడు, రెండో ఆయనకి గుండె బలహీనమై ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. అంతవరకు నాకూ తెలుసు. మరి ఆ రెండు బాధలూ ఒక్క మనిషికే వస్తే ఎటు మొగ్గాలి? అది తేల్చుకునే చదువు కావాలనిపించింది.

"నర్స్ ప్రాక్టీషనర్ ఉందిగా?" అంటారు. నర్సులే పై చదువు చదివి రోగుల్ని పరీక్షించి మందులు రాసే దారి అది. ఉంది, మంచి దారే. ఉద్యోగం చేసుకుంటూ చదువుకోవచ్చు. కానీ ఏ వయసు వాళ్లని చూడాలో అక్కడ మొదట్లోనే ఎంచుకోవాలి. నాకేమో సర్జరీ, ఎమర్జెన్సీ, పిల్లల వార్డు, సైకియాట్రీ అన్నీ తిరిగి చూడాలని ఆశ. పీఏకి సుమారు 27 నెలలు పడుతుంది. ఉద్యోగం దాదాపు మానుకోవాల్సిందే. జీతం ఆగుతుంది గానీ ఇంటి వాయిదాలు ఆగవు కదా, ఆ టెన్షన్ చిన్నదేం కాదు.

ఒక సంగతి చెప్పాలి. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో ఈ కోర్సు మొదలుపెట్టింది డాక్టర్ యూజీన్ స్టెడ్. మొదటి బ్యాచ్‌లో చేరిన నలుగురూ నేవీలో వైద్య సహాయకులుగా చేసినవాళ్లు. అంతకుముందు ఆయన థెల్మా ఇంగిల్స్ అనే నర్సుతో కలిసి నర్సులకే ఇలాంటి పై చదువు పెట్టాడు. నర్సింగ్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థ దాన్ని ఒప్పుకోలేదు. మనకు వేసిన పీట మీద వేరేవాళ్లు కూర్చున్నారన్నమాట!

మీలో ఎవరైనా ఇటు రావాలనుకుంటే ఒక్క మాట. మన నర్సింగ్ అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటారు. కానీ అనాటమీ, కెమిస్ట్రీ లాంటివి ఇక్కడి కాలేజీలోనే చదివుండాలని చాలా స్కూళ్లు అడుగుతాయి. ఇండియాలో డిగ్రీ చేసినవాళ్లు ఫీజు కట్టకముందే ఆ సంగతి కనుక్కోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.