ప్రోహార్మోన్ డబ్బా కొన్నారా? మూత తీసే ముందు ఇది చూడండి

తెర మీద: బల్ల మీద నల్ల డబ్బా. బ్రాండ్ పేరు కనపడకుండా దాని మీద చెయ్యి.

నమస్తే. ఈ డబ్బా మా జిమ్‌లో ఒక తమ్ముడిది. అమెరికాలో ఉండే వాళ్ల కజిన్ సంక్రాంతికి వస్తూ సూట్‌కేసులో తెచ్చిచ్చాడు. "అన్నా, ఇది స్టెరాయిడ్ కాదంట, ప్రోహార్మోనంట. సేఫే కదా?" అన్నాడు. నేను డబ్బా తిప్పి వెనక వైపు చదివాను.

తెర మీద: లేబుల్ దగ్గరగా. "17", "మిథైల్" అన్న రెండు మాటల చుట్టూ ఎర్ర గీత.

వెంకటనరసింహరాజువారిపేట స్టేషన్ బోర్డంత పొడుగు పేరు. అంతా అర్థం కానక్కర్లేదు, ఈ రెండు ముక్కలు పట్టుకోండి చాలు. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ని మామూలుగా నోట్లో వేసుకుంటే కాలేయం మొదటి చుట్టులోనే చాలా వరకు విరగ్గొట్టేస్తుంది. ఒంటికి అందేది కొంచెమే. అదే అణువులో 17వ కార్బన్ దగ్గర ఒక మిథైల్ తగిలిస్తే కాలేయానికి అది అంత తేలిగ్గా విరగదు. మందు బతికిపోతుంది, దెబ్బ కాలేయానికి పడుతుంది.

నిజానికి ప్రోహార్మోన్ అంటే, ఒంట్లోకి వెళ్లాక హార్మోన్‌గా మారే పదార్థం. కానీ ఆ పేరుతో షాపుల్లో అమ్ముడైన వాటిలో కొన్ని మారే పనే లేని అసలు స్టెరాయిడ్లు. సూపర్‌డ్రోల్ అని విని ఉంటారు. 1950లలోనే తయారుచేసి పక్కన పెట్టేసిన స్టెరాయిడ్ అది. 2005లో సప్లిమెంట్ వేషం వేసుకుని అమెరికా షాపుల్లోకి వచ్చింది. కాలేయం దెబ్బతిని ఆసుపత్రుల్లో చేరినవాళ్ల కేసులు వైద్య పత్రికలకెక్కాయి.

అంతకుముందు కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1998లో మార్క్ మెక్‌గ్వైర్ అనే బేస్‌బాల్ ఆటగాడు ఒకే సీజన్‌లో 70 హోమ్ రన్లు కొట్టాడు. అతని లాకర్‌లో ఆండ్రో అనే ప్రోహార్మోన్ సీసా ఒక విలేకరి కంట పడింది. అప్పటికి అది అక్కడ చట్టబద్ధమే. ఇంకేముంది, కుర్రాళ్లు షాపుల మీద పడ్డారు. మరుసటి ఏడాదే ఒక పరిశోధన వచ్చింది. రోజుకు 300 మిల్లీగ్రాముల ఆండ్రో, ఎనిమిది వారాలు. టెస్టోస్టెరాన్ పెరగలేదు. ఈస్ట్రోజెన్ పెరిగింది, మంచి కొలెస్ట్రాల్ తగ్గింది. డబ్బులిచ్చి ఆడ హార్మోన్ కొనుక్కున్నట్టు! 2004లో అమెరికా ఇలాంటి చాలా వాటిని స్టెరాయిడ్ల చట్టం కిందికి తెచ్చింది. కొత్త పేర్లతో మళ్లీ వస్తుంటే 2014లో ఇంకో చట్టం చేసింది.

మన దగ్గర? హెల్త్ సప్లిమెంట్లలో హార్మోన్లు, స్టెరాయిడ్లు కలపకూడదని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016 నిబంధనల్లోనే ఉంది. కాబట్టి "ఇదీ ప్రోటీన్ పౌడర్ లాంటిదే తమ్ముడూ" అని ట్రైనర్ చెబితే నమ్మకండి. స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకున్నవాళ్లయితే ఇంకో మాట. డీహెచ్ఈఏ అనే ప్రోహార్మోన్‌తో సహా ఇవన్నీ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 'వాడా' నిషేధ జాబితాలో ఉన్నాయి. లేబుల్ మీద రాయలేదన్నా మన దేశంలో డోప్ టెస్టులు చేసే 'నాడా' వదలదు.

లేబుల్ అంటే గుర్తొచ్చింది. అమెరికాలో ఆన్‌లైన్‌లో సార్మ్స్ (కండ కోసం స్టెరాయిడ్లకి బదులు వాడే ఇంకో రకం సరుకు) పేరుతో అమ్మే 44 సరుకులు కొని ల్యాబ్‌లో పరీక్షించారు, ఫలితం 2017లో వచ్చింది. నిజంగా సార్మ్స్ ఉన్నవి సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ప్రోహార్మోన్ డబ్బాలూ అదే బజారులో అమ్ముడయ్యేవే.

తెర మీద: డబ్బా పక్కన "సైకిల్ సపోర్ట్" అని రాసిన ఇంకో చిన్న డబ్బా.

ఇక ఇది. సైకిల్ అంటే జిమ్ భాషలో ఈ డబ్బా వాడే కొన్ని వారాల కోర్సు. "లివర్‌కి ఏమీ కాదన్నా, సపోర్ట్ కూడా వేసుకుంటున్నా" అంటారు. మిల్క్ థిసిల్ అనే మూలిక లాంటివి వేసుకుంటే ఈ మిథైల్ సరుకు నుంచి కాలేయం బయటపడుతుందని నమ్మదగ్గ రుజువు లేదు. నా లెక్కలో ఇది ధైర్యం మాత్ర. మనసుకి పనిచేస్తుంది, లివర్‌కి కాదు.

వాడకపోవడమే అన్నిటికంటే మంచిది, నేనైతే అదే చెబుతాను. ఇరవై దాటని పిల్లలైతే అసలు వద్దు. ఎముకల చివర్లు ముందే మూసుకుపోతే ఎత్తు అక్కడితో ఆగిపోతుంది. ఆడపిల్లలకి గొంతు బొంగురుపోతే, మానేశాక కూడా తిరిగి రాకపోవచ్చు. కానీ కొందరు ఇప్పటికే సగం డబ్బా ఖాళీ చేసి ఈ వీడియో చూస్తున్నారని తెలుసు. మీకు చెప్పేది వేరు.

పరగడుపున రక్తం ఇవ్వండి. సీబీపీ (రక్తకణాల లెక్క), ఎల్ఎఫ్‌టీ (కాలేయం పరీక్ష), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్), క్రియాటినిన్ (కిడ్నీల కోసం), పొద్దున పూట టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్ (వృషణాల్ని పని చేయమని మెదడు పంపే హార్మోన్). బీపీ కూడా చూపించుకోండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. భారీగా బరువులెత్తినా ఎల్ఎఫ్‌టీలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు పెరుగుతాయి, ఎందుకంటే అవి కండరాల్లోనూ ఉంటాయి. నిన్న డెడ్‌లిఫ్ట్ చేసి ఈ రోజు రక్తం ఇస్తే అనవసరమైన టెన్షన్. వారం తేలిగ్గా ఉండి ఇవ్వండి. జీజీటీ (కాలేయం వైపుది), సీపీకే (కండ వైపుది) కూడా చేయిస్తే పెరిగింది కాలేయం వల్లా కండ వల్లా అన్నది డాక్టర్‌కి తేలిగ్గా తెలుస్తుంది. కామెర్లలో కళ్లని పచ్చగా చేసే బిలిరుబిన్ పెరిగిందా, అది మాత్రం డెడ్‌లిఫ్ట్ పని కాదు.

సీబీపీలో పీసీవీ అని ఒక గడి ఉంటుంది, రక్తంలో ఎర్రకణాల శాతం అది. 54 దాటితే రక్తం చిక్కబడిందని, డాక్టర్‌ని వెంటనే కలవాలని అర్థం. హెచ్‌డీఎల్, అంటే ఆ మంచి కొలెస్ట్రాల్, బాగా పడిపోతే బయటికి ఏమీ తెలియదు, అద్దంలో ఇంకా బాగా కనపడతారు కూడా.

ఎల్‌హెచ్ సంగతి. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే మెదడు ఎల్‌హెచ్ తగ్గించి వృషణాలకి పని ఆపమని చెబుతుంది. అవి చిన్నబడతాయి, వీర్యకణాలు తగ్గుతాయి. ఒక వీర్యకణం తయారవడానికే రెండు నెలలు దాటుతుంది, కాబట్టి డబ్బా ఆపిన మర్నాడే అంతా మామూలైపోదు. పెళ్లి చూపులు నడుస్తున్నవాళ్లు ఈ ముక్క రెండోసారి వినండి. పీసీటీ (కోర్సు అయ్యాక హార్మోన్లు కోలుకోవడానికి అని వేసుకునేవి) పేరుతో జిమ్‌లో చేతులు మారే టామాక్సిఫెన్, క్లోమిఫెన్ డాక్టర్ చీటీ మీద వాడాల్సిన మందులు. ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) దగ్గరికి వెళ్లండి.

తెర మీద: అరచేయి గోక్కుంటున్న చెయ్యి.

కామెర్లు కంట్లో కనపడక ముందే అరచేతుల్లో, అరికాళ్లలో దురద మొదలవ్వొచ్చు. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వదు. మూత్రం టీ డికాషన్ రంగు, మలం తెల్లగా సున్నంలా. ఇందులో ఏది కనపడినా డబ్బా ఆ రోజే ఆపాలి. "ఇంకో పది క్యాప్సూల్సే కదా, అయిపోనీ" అని లాగించొద్దు. మద్యం తాగొద్దు. ఒళ్లు నొప్పులకి డాక్టర్‌ని అడక్కుండా పారాసిటమాల్ కూడా వద్దు.

ఇక్కడే మనవాళ్లు చేసే పని ఒకటుంది. కళ్లు పచ్చబడగానే ఇంట్లోవాళ్లు పసరు పోయించడానికి ఊరికి తీసుకెళ్తారు. కొన్ని చోట్ల చేతి మీద వాత పెట్టిస్తారు. అబ్బాయి డబ్బా సంగతి నోరు విప్పడు, ఇంట్లో తిడతారని. ఆసుపత్రికి వెళ్లినా డాక్టర్ హెపటైటిస్ టెస్టులు రాస్తారు, అన్నీ నెగటివ్ వస్తాయి, కారణం తెలియక రోజులు గడుస్తాయి. దెబ్బ ముదిరితే కిడ్నీల మీదా పడుతుంది.

అందుకే డబ్బా పారేయకండి. ముందు వైపు, వెనక వైపు ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. అమ్మానాన్నల్ని ఐదు నిమిషాలు బయట కూర్చోమని, ఓపీలో ఇంత మాట చెప్పండి: "డాక్టర్ గారూ, ఇది ఆరు వారాలుగా వాడుతున్నాను, నిన్న ఆపాను. ఇదిగో లేబుల్."