ఫలితాలు వచ్చిన మరునాటి నుంచి మన పని

వేదిక మీది పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, కూలి పని మానుకొని వచ్చిన తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు, పిల్లలకు నమస్కారం. హనుమకొండలోని ఈ బడిలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన నన్ను పై చదువుల దారుల గురించి మాట్లాడమన్నారు. ఆ దారులు క్లుప్తంగా చెప్పి, నన్ను ఇన్నేళ్లుగా బాధిస్తున్న విషయానికి వస్తాను.

పదవ తరగతి కాగానే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరవచ్చు. బాసర విశ్వవిద్యాలయంలో ఆరేళ్ల కోర్సుకు వేరే ప్రవేశ పరీక్ష ఉండదు, పదవ తరగతిలో మీరు చూపిన ప్రతిభనే చూస్తారు, ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు స్కోరు కూడా కలుపుతారు. ఇంటర్ తరువాత డిగ్రీ సీట్లకు 2016లో మొదలైన ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి దోస్త్ ఉంది, ఇంజనీరింగ్‌కు ఎప్‌సెట్ పరీక్ష ఉంది. 1959లో మొదలైన మన వరంగల్ ఎన్‌ఐటీ ఇంజనీరింగ్ కళాశాలలో సగం సీట్లు ఈ రాష్ట్రం పిల్లలకే కేటాయిస్తారన్న సంగతి, రోజూ దాని గేటు ముందు నుంచే బస్సులో వెళ్లే మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఇక అసలు విషయం. కొన్నేళ్ల కింద నా విద్యార్థిని ఒకామె ఎంసెట్‌లో, అంటే ఇప్పటి ఎప్‌సెట్‌లో, మంచి ర్యాంకు తెచ్చుకుంది. తండ్రి ఎనుమాముల మార్కెట్లో హమాలీ. ఆ రోజు బిడ్డను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన భుజం మీది తువ్వాలు నుంచి మిర్చి ఘాటు వస్తూనే ఉంది. కోరుకున్న కళాశాలలు, కోర్సులు వరుసగా రాసి నెట్ సెంటర్లో పెట్టించిన వెబ్ ఆప్షన్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో తెచ్చాడు. అందులో ఉన్నవి 9 ఆప్షన్లు, అన్నీ హైదరాబాద్ కళాశాలలే, అన్నీ కంప్యూటర్ సైన్సే. నేను చూసి, "బాగున్నయి బిడ్డా, సీటు వస్తది" అన్నాను. సీటు రాలేదు. తరువాతి విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టుకోవచ్చని వచ్చిన సందేశం, దరఖాస్తులో నంబరు ఇచ్చిన నెట్ సెంటరు యజమాని ఫోనులోనే ఉండిపోయింది. ఆ ఏడు ఒక్కో కళాశాలలో సీటు దక్కిన చివరి ర్యాంకులు తీరికగా చూస్తే, మంథనిలోనో కొండగట్టు దగ్గరి నాచుపల్లిలోనో ఉన్న జేఎన్‌టీయూ కళాశాలలో ఆమెకు సీటు వచ్చి ఉండేదని తెలిసింది. మూడేళ్లు ఆమెకు లెక్కలు చెప్పినవాణ్ని, సీటు ఇచ్చే లెక్క మాత్రం నేనే నేర్చుకోలేదు.

ఆ లెక్క కష్టమైనది కాదు పిల్లలూ. కంప్యూటరు ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి, ఆ విద్యార్థి రాసుకున్న ఆప్షన్లను పైనుంచి చూసుకుంటూ పోయి, రిజర్వేషన్ల ప్రకారం ఎక్కడ మొదట ఖాళీ కనబడితే అక్కడ సీటు ఇస్తుంది. కాబట్టి కింద ఇంకో యాభై రాసినంత మాత్రాన పైన రాసినదానికి నష్టం లేదు, పైన రాయవలసినది కింద రాస్తేనే నష్టం. సీటు వచ్చాక గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే ఆ సీటు తీసుకుంటున్నామని ఆన్‌లైన్‌లో మనమే తెలపడం, చేయకపోతే ఆ సీటు రద్దవుతుంది. అందుకే ఫోన్ నంబరు మీ ఇంట్లోదే ఇవ్వండి, వరుసను ముందు నోటుపుస్తకంలో మీ చేత్తో మీరే రాసుకోండి.

తల్లిదండ్రులారా, ఆదాయ ధ్రువపత్రం ఆ ఏడాది జనవరి తరువాత తీసినదే అడుగుతారు, మీసేవకు ముందే వెళ్లండి. ఆధార్‌లో ఒక తీరు, పదవ తరగతి మెమోలో ఒక తీరు పేరుంటే ఇప్పుడే సరిచేయించండి.

ఫలితాల రోజు ఫ్లెక్సీ కడతాం, మిఠాయి పంచుతాం, మరునాడు గేటుకు తాళం వేస్తాం. పిల్లలకు మన అవసరం మొదలయ్యేది సరిగ్గా ఆ రోజే. నా బాధంతా ఇదే. వెనుక వరుసలో కూర్చున్న పూర్వ విద్యార్థులారా, మీరంతా ఈ కౌన్సెలింగులు దాటి వచ్చినవారే. అదిగో, ఆ మూల గదిలోని కంప్యూటర్లు సాయంత్రం పూట ఖాళీగానే ఉంటాయి. కౌన్సెలింగ్ జరిగినన్నాళ్లు నేను నాలుగింటికి వచ్చి కూర్చుంటాను. మీలో ఎవరు ఏ రోజు రాగలరో ఈ కాగితం మీద పేరు, ఫోన్ నంబరు రాసి, వెళ్లేటప్పుడు నా చేతికి ఇచ్చి వెళ్లండి.