వరండాలో ఉన్న ఆ కట్ట విప్పండి

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవం గనక పేరుపేరునా చెప్పుకోవాలి గానీ, నాకిచ్చింది పదిహేను నిమిషాలే. మన్నించండి.

పాతకాలపు పిల్లల రోదసి సాహస కథల గురించి మాట్లాడమన్నారు. చంద్రుడు, కుజుడు, శుక్రుడు, వరసగా మూడూ చెప్పాలని చీటీ రాసుకున్నాను. అయితే బయట వరండాలో తాడుతో కట్టిన కట్ట ఒకటుంది, చూశారా? పైన ‘కాలం చెల్లినవి’ అని చీటీ. అది పాత కాగితాల కొట్టుకు తూకానికి పోతుంది. అందులో ఉన్నవి ఇవాళ మనం మాట్లాడుకోవలసిన పుస్తకాలే!

కాలం చెల్లడమంటే ఏంది? అందులోని సైన్సు తప్పు అంటారు. తప్పే. ఎంత తప్పో లెక్కగట్టొచ్చు గనకనే ఉంచమంటున్నాను.

1865లో ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ రాసిన చంద్రయాత్ర తీసుకోండి. ఫ్లోరిడా నేలలో 900 అడుగుల ఫిరంగిని నిలువునా పోతపోస్తారు. అందులో అల్యూమినియం గుండు, గుండులో ముగ్గురు మనుషులు. గొట్టం దాటేసరికి వేగం సెకనుకు 12,000 గజాలు, అంటే దాదాపు 11 కిలోమీటర్లు. భూమిని వదిలిపోవడానికి కావలసింది 11.2. అక్కడ ఆయన లెక్క భేషుగ్గా ఉంది. తేడా వచ్చింది గొట్టం పొడుగులో.

పిల్లలూ, కాగితం తీయండి. 900 అడుగులంటే 274 మీటర్లు. వేగాన్ని వేగంతో గుణించండి: 11,000 ఇంటూ 11,000, 12 కోట్ల 10 లక్షలు. దాన్ని గొట్టం పొడుగుకు రెట్టింపు, అంటే 548తో భాగించండి. 2 లక్షల 20 వేల చిల్లర వచ్చిందా? దాన్ని 9.8తో భాగిస్తే 22,500. భూమి మనల్ని లాగే బలానికి అన్ని రెట్లు! నలభై కిలోల పిల్లవాడు ఆ గొట్టంలో 900 టన్నులు తూగుతాడు. మన శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ నుంచి లేచే పీఎస్ఎల్‌వీ రాకెట్ 320 టన్నులు. దగ్గర దగ్గర మూడు రాకెట్లు వాడి మీదెక్కి కూర్చున్నట్టు. అదురు తగలకుండా రచయిత అడుగున మూడడుగుల నీళ్లు పోయించాడు, పాపం.

చిక్కంతా ఆ వేగం సెకనులో ఇరవయ్యో వంతులో రావడమే. మూడు రెట్ల బరువుతో సరిపెట్టుకోవాలంటే గొట్టం 2,000 కిలోమీటర్లుండాలి. నెల్లూరు నుంచి ఢిల్లీకి రైల్లో పోయేంత దూరం. అంత గొట్టం ఎవడు పోస్తాడు? అందుకే రాకెట్. మందును కాస్త కాస్తగా నిమిషాల తరబడి కాల్చుకుంటూ పోతుంది. దానికీ ఖరీదుంది. 1980 జులై 18న ఎస్ఎల్‌వీ-3 షార్ నుంచి లేచినప్పుడు 17 టన్నుల రాకెట్ కక్ష్యలో పెట్టింది 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని. పాత పుస్తకాల బొమ్మల్లోనేమో రాకెట్ మొత్తం పోతుంది, మొత్తం తిరిగొస్తుంది, లోపల వంటగది కూడా ఉంటుంది.

చెడిపోవడమూ అంతే. కథల్లో రాకెట్ చెడాలంటే ఉల్కయినా తగలాలి, గూఢచారైనా దూరాలి. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్ఎల్‌వీ సముద్రంలో పడింది ఒక వాల్వు సరిగా మూసుకోక, రెండో దశను అదుపు చేసే నైట్రిక్ ఆమ్లం కారిపోవడం వల్ల. కారే వాల్వు కథకులకు రుచించదు మరి.

ఆ కథల్లోని కుజుడి కాలువలు 1965లో మారినర్-4 అనే అమెరికా వ్యోమనౌక పంపిన ఫొటోలతో పోయాయి. శుక్రుడి చిత్తడి అడవులు అక్కడి వేడి 460 డిగ్రీలని తేలాక పోయాయి. వాటిమీద ఎక్కువ చెప్పను. కథలో వారానికి కుజుడి మీద దిగితే, పక్కనే రాయించండి: మంగళయాన్ 2013 డిసెంబరు 1న భూమి కక్ష్య వదిలింది, 2014 సెప్టెంబరు 24న చేరింది. రోజులు పిల్లలే లెక్కపెట్టాలి. రాసేది పెన్సిలుతో. పెన్నుతో రాస్తే నేనొప్పుకోను.

పుస్తకం చిరిగింది, అందుకే తీసేశాం అంటారేమో. అయ్యా, చింపింది సెల్లోటేపు! టేపు బంక నాలుగేళ్లకు గోధుమరంగు తిరిగి కాగితంలోకి ఇంకుతుంది, పీకితే అక్షరాలతో సహా ఊడొస్తుంది. చెంచాడు మైదాకు అయిదు చెంచాల నీళ్లు పోసి, ఉండకట్టకుండా సన్నసెగ మీద కలుపుతూ ఉడికించండి. తెలుపు పోయి నిగనిగలాడితే దించి చల్లార్చాలి. చిరుగు మీద పల్చటి టిష్యూ పట్టీ అంటించి, పైనా కిందా ప్లాస్టిక్ కాగితం పెట్టి, రాత్రంతా బరువు కింద ఉంచండి. ఎండలో పెడితే పేజీ వంకర తిరుగుతుంది. బంక ఎక్కువైతే రామబాణం పురుగుకు విందు. స్టేప్లర్ పిన్నులు మన సముద్రపు గాలికి తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి, పీకేసి నూలుదారంతో కుట్టండి. మాస్కోలో తెలుగులోనే అచ్చయి విశాలాంధ్ర దుకాణాల్లో దొరికిన పిల్లల పుస్తకాలుండేవే, సోవియట్ యూనియన్ పోయాక ఆ సరఫరా ఆగిపోయింది. అలాంటిదొకటి తూకానికి పోతే మళ్లీ ఎక్కణ్ణించి తెస్తాం?

గంట కొడుతున్నారు. ఒక్క మాట. వెర్న్ కథ తరువాయి భాగంలో, గుండులో వెంట తీసుకుపోయిన కుక్క చచ్చిపోతే కళేబరాన్ని బయటికి విసిరేస్తారు. అది కిందపడదు, వెనకబడదు, గుండు పక్కనే వస్తుంటుంది. ఇది నూటికి నూరుపాళ్లు ఒప్పు. అదే పుస్తకంలో లోపలి మనుషులు మాత్రం దారంతా నేలమీద నిలబడి ఉంటారు. భూమి లాగుడూ చంద్రుడి లాగుడూ సరిసమానమైన ఒక్కచోటే గాల్లో తేలతారు. కుక్కనీ మనిషినీ లాగుతున్నది అవే కదా, ఇద్దరి వేగమూ ఒకటే కదా. మరి బయట కుక్క తేలుతుంటే లోపల మనిషి ఎట్టా నిలబడ్డాడు? తప్పు ఎక్కడుంది?

ఆ వెనక వరసలో చెయ్యెత్తిన పాపా, లేచి చెప్పమ్మా. మైకు అటివ్వండి.